నాలుగో దిమ్మ

"అమ్మా, నాన్న మంచం మళ్ళీ విప్పేశాడు."

ఫోనులో కూతురి గొంతు వినగానే ఆమె చేతిలోని కళ్ళజోడు బల్ల మీద పెట్టేసింది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి అక్షరాల అట్ట వంక చూస్తూ ఆఖరి వరుస చదవడానికి తంటాలు పడుతున్నాడు.

"విప్పేశాడంటే?"

"విప్పేశాడంటే ఏముంది? పట్టెలు గోడకి, మంచంకోళ్ళు గచ్చు మీద, నాన్న మధ్యలో. చెవి మీద పెన్సిలు."

"పొద్దున నేనొచ్చేటప్పుడు బాగానే ఉందిగా! పరుపు కూడా వేసి వచ్చాను."

"పరుపు ఇప్పుడు హాల్లో ఉంది. దాని మీద కూర్చునే నీకు ఫోన్ చేస్తున్నాను."

కళ్ళజోళ్ళ దుకాణం గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. మూడున్నరకి ఆస్పత్రి బండి ఇంటి ముందు ఆగుతుంది. అందులో తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, నెల రోజులుగా ఆస్పత్రిలో ఉన్న అమ్మ ఉంటుంది. అమ్మతో పాటు ఒక నర్సు ఉంటుంది. ఆ నర్సు ఇల్లూ, మంచం, మనుషుల వరసా చూసి కాగితం మీద సరేనని రాస్తేనే అమ్మ ఈ ఇంట్లో ఉంటుంది. లేకపోతే అదే బండిలో ఊరి చివరి వృద్ధాశ్రమానికి పోతుంది. అక్కడ తమ్ముడు ఓ గది అట్టేపెట్టించి కూర్చున్నాడు. ఐదింటి వరకే ఆపుతారట.

తమ్ముడు చెడ్డవాడని కాదు. "అక్కా, నీ ఇంట్లో ఎక్కడ కాలు పెట్టినా చెక్కపొట్టే. అమ్మ మళ్ళీ జారిపడితే పూచీ ఎవరిది?" అన్నాడు. అందుకే ఆమె పదిహేను రోజులు గడువడిగింది. ఆ గడువు ఇవాళ్టితో సరి.

అమ్మ మటుకు ఆస్పత్రి మంచం మీద నుంచి ఒక్కటే మాట అంది. "అందరూ ఒకేసారి తిని, ఒకేసారి లేచి, ఒకేసారి పడుకునే చోట నేనుండలేనే అమ్మడూ. నీ ఇంట్లో ఏ మూలైనా సరే."

ఆ మూల సిద్ధం చేస్తానన్నది అల్లుడుగారు.

యజమానిని మూడింటి నుంచి సెలవడిగిన మనిషి ఒంటిగంటన్నరకే సంచీ భుజాన వేసుకుంటే ఆయన మొహం చిట్లించాడు. మా ఆయన మంచం విప్పాడండీ అని ఏ నోటితో చెబుతుంది?

వీధిలో అందరూ ఆమెను అద్దాలమ్మ అంటారు. దగ్గరచూపు ఆనని వాళ్ళకు ఇరవై ఏళ్ళుగా అద్దాలు అమర్చి పంపుతోంది. ఇంట్లో ఉన్న ఒక్క మనిషికే ఏ అద్దమూ సరిపడలేదు.

వీధి చివర వడ్రంగి మేస్త్రి కొట్టు ముందు ఆమె కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. మేస్త్రి ఓ ద్వారబంధాన్ని బల్లల మీద పడుకోబెట్టి దాని చుట్టూ తిరుగుతున్నాడు.

"మేస్త్రిగారూ, తయారుగా ఉన్న మంచం ఏదైనా ఉందా? ఎలాంటిదైనా సరే."

ఆయన తలెత్తి నవ్వాడు. "మీ ఇంట్లో మంచానికి కరువేంటమ్మా? మొన్న మీవారు వచ్చి, మంచం ఎలా చెయ్యాలో నాకే గంటసేపు చెప్పి వెళ్ళారు."

"ఆ మంచమే. ఇవాళ నాలుగోసారి విప్పారు."

"ఏమొచ్చింది?"

"ఊగుతుందట. అమ్మ గదిలో వేస్తే ఊగుతుంది. వెనక షెడ్డులోకి తీసుకెళ్ళి ఓ కాలు కోస్తారు. అక్కడ రాయిలా నిలబడుతుంది. మళ్ళీ గదిలోకి తెస్తే ఊగుతుంది. మళ్ళీ కోస్తారు. కోసీ కోసీ ఇప్పుడది మంచం కాదు, పీటకి అక్కగారు."

మేస్త్రి నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"ఆ షెడ్డు పూర్వం బట్టలుతికే చోటు కదమ్మా? ఆ గచ్చు వేసింది మా అన్నే. నీళ్ళు తూములోకి పోవాలని ఒక్కో మూల ఒక్కో వాలుగా వేశాడు. వాలు మీద నిలబడ్డ మంచం చదును మీద ఎలా నిలబడుతుంది?"

ఆమె అక్కడే ఉన్న దుంగ మీద కూలబడింది. పదిహేను రోజులు. ఆ మనిషి ప్రతి మూలకీ మూలమట్టం పెట్టి చూశాడు. కాళ్ళ కింద గచ్చు చదునేనా అని చూడాలని తోచలేదు.

"ఆయనకెందుకు తోచలేదండీ?"

"పనిలో పడ్డవాడికి కింద నేల కనబడదమ్మా." మేస్త్రి చెక్క నునుపు చేసే చిత్రికలోంచి పొట్టు దులిపాడు. "మాకిది కూడు. పూట గడిస్తే ఉలి కింద పెట్టేస్తాం. సరదాకి పట్టినవాడికి దింపుకోవడం తెలీదు. తాగుబోతుల్ని చూశాను, పేకాటగాళ్ళని చూశాను. ఇదీ అదే జాతి. కాకపోతే దీనికి మంచి వాసనొస్తుంది."

గోడవారనున్న చెక్కల్లోంచి రెండంగుళాల మందమున్న పలక ఒకటి లాగి ఆమె ముందు పెట్టాడు.

"నాలుగు దిమ్మలు కోసి కాళ్ళ కింద పెట్టండి. పోయిన ఎత్తు తిరిగొస్తుంది. అప్పటికీ ఊగితే, ఏ దిమ్మ ఎత్తనిపిస్తే దాన్ని ఓ పొర తీయండి. నేనే వద్దును గానీ, సాయంత్రంలోపు ఈ ద్వారబంధం నిలబెట్టకపోతే ఇంటాయన నన్ను నిలబెడతాడు."

పలక చంకలో పెట్టుకుని అద్దాలమ్మ ఇల్లు చేరింది.

వంటగదికి తలుపు లేదు. సరిగ్గా పడటం లేదని మూడు నెలల క్రితం దించిన తలుపు ఇంకా షెడ్డులోనే ఉంది. గుమ్మానికి పాత దుప్పటి వేలాడుతోంది. మంచినీళ్ళ బిందె మీద మూత, ఆ మూత మీద సన్నటి పొట్టు. హాలు మధ్యలో పరుపు, దాని మీద పిట్ట. పంతొమ్మిదేళ్ళ ఆ పిల్లకు చిన్నప్పుడు వాగుడెక్కువని పెట్టిన పేరది. వాగుడు తగ్గలేదు, పేరూ పోలేదు.

"ఇప్పుడు చెక్కలు నువ్వూ మోస్తున్నావా అమ్మా?" అంది పిట్ట.

"నోర్మూసుకుని గది ఊడ్చు. చిన్న చెక్కపలుకు కూడా కాలికి తగలకూడదు."

షెడ్డులో ఆయన గచ్చు మీద బాసింపట్టు వేసుకుని ఓ పట్టెని ఒళ్ళో పెట్టుకున్నాడు. పసిపిల్లని కూడా ఆయన అంత పదిలంగా పెట్టుకోలేదని ఆమెకు గుర్తు.

ఆయన బస్సుల డిపోలో టైంకీపరు. ఏ బస్సు ఎన్నింటికి వచ్చిందో, ఎన్నింటికి పోయిందో రాసే ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళలో ఒక్క బస్సుకీ తప్పుడు టైం రాయలేదని చెప్పుకుంటాడు. అది నిజమే. పై అధికారి మేనల్లుడి బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే పది నిమిషాలనే రాసి, ఆ ఏడు రావలసిన ప్రమోషను పోగొట్టుకున్నవాడు. అలాంటి మనిషికి షెడ్డులో అడుగు పెట్టగానే గడియారం ఆగిపోతుంది. భోజనానికి పిలిచినా, ఇంటికి చుట్టాలొచ్చారన్నా, కూతురికి జ్వరమన్నా, "ఒక్క నిమిషం" అంటాడు. ఆ నిమిషం ఎంతో ఎవరూ రాయలేదు.

"వచ్చేశావా? రెండేగా అయింది," అన్నాడు తలెత్తకుండా.

"రెండూ ఇరవై."

"ఒక్క నిమిషం. ఈ బిగింపులో వెంట్రుకవాసి సందుంది. అదే ఊగిస్తోంది. ఈ ఒక్కటీ సరిచేస్తే..."

ఆమె పలకని దభీమని కింద పడేసింది. అప్పుడు తలెత్తాడు.

"అద్దె మంచం తెస్తానన్నవాడికి ఫోన్ చేసి వద్దన్నది ఎవరు?" అంది.

"అది ఇనపది. కదిలితే కిర్రుమంటుంది. అత్తయ్యగారికి నిద్ర పట్టదు."

"కిర్రుమన్నా నాలుగు కాళ్ళ మీద నిలబడేది."

"నా చేత్తో చేసిస్తానని ఆవిడకి మాటిచ్చాను."

"చేస్తానని ఇచ్చారు. విప్పుతానని ఇవ్వలేదు."

ఆయన బొటనవేలితో పట్టె అంచు నిమురుతున్నాడు. కోపంలో కూడా ఆ వేలు గరుకు ఎక్కడుందో వెతుకుతూనే ఉంది. అది చూసి ఆమెకు ఒళ్ళు మండింది.

"ఆ చెక్క కోసం మన మంచం విప్పి పదిహేను రోజులైంది. నేల మీద పడుకుని నా నడుం పోయింది. ఒక్కమాట అన్నానా?"

"అనలేదు."

"అనే ఓపిక లేక అనలేదు. మీరు నాకిష్టమే అనుకున్నారు."

ఆమె ముందుకు వంగి ఆయన చెవి మీది పెన్సిలు తీసి గచ్చు మీద పెట్టింది. గుండ్రటి పెన్సిలు. ఓ క్షణం ఆగి, దొర్లడం మొదలుపెట్టింది. ఉలి పక్క నుంచి, మంచంకోడు పక్క నుంచి, గచ్చంతా దాటుకుని పోయి తూము మూత దగ్గర ఆగింది.

ఆయన ఆ పెన్సిలు వంక చూస్తూ ఉండిపోయాడు.

"గచ్చు వాలు," అంది ఆమె. "బిగింపులో ఏ తేడా లేదు. మీ పనిలో ఏ తప్పూ లేదు. ఆ కాలూ ఈ కాలూ అనవసరంగా కోశారు, అంతే."

"రెండేళ్ళుగా ఇక్కడే..." అన్నాడాయన నెమ్మదిగా.

గుమ్మంలోంచి పిట్ట అందుకుంది. "అందుకేనా మనింట్లో పీటలన్నీ ఉయ్యాలలు!"

ఎవరూ నవ్వలేదు. ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చెట్టంత మనిషి చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు. ఆమెకు జాలేసింది. జాలేసినందుకు తన మీద తనకే విసుగేసింది.

ఈ షెడ్డు పాపం ఆమెదే. రెండేళ్ళ క్రితం ఆయనకు రక్తపోటు పెరిగి చేతులు వణకడం మొదలైతే, మనసుకు వ్యాపకం ఏదైనా పెట్టండన్నాడు డాక్టరు. ఆమే బజారుకెళ్ళి చిన్న చిత్రిక కొనుక్కొచ్చింది. నెల తిరిగేసరికి వణుకు పోయింది. ఏడాది తిరిగేసరికి మనిషీ పోయాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే కాబోలు.

"లేవండి," అంది. "మీరు మంచం గదిలోనే బిగించండి. ఆ వెంట్రుకవాసి జోలికి పోయారంటే నేనూరుకోను. ఈ పలక కోసి దిమ్మలు నేను చేస్తాను."

"దిమ్మలా? మంచం కింద దిమ్మలు పెడితే ఏం బాగుంటుంది?"

"ఇటుకలు పెట్టమంటారా?"

ఆ మాటకి ఆయన లేచాడు.

పట్టెలు గదిలోకి చేరేసి, వెళ్ళబోతూ ఆగి, ఆమె చేతిలోని రంపం పట్టు సరిచేశాడు. "నొక్కకు. దాని బరువుకే దాన్ని వదిలెయ్యి. నువ్వు దారి చూపిస్తే చాలు, అదే పోతుంది." ఎన్నాళ్ళకో ఆయన చెయ్యి ఆమె చేతి మీద పడింది. రంపం కోసమే అయినా.

మొదటి దిమ్మకి చెయ్యి నొప్పెట్టింది. రెండోదానికి రంపం చప్పుడు ఓ పాటలా కుదిరింది. మూడోది కోస్తున్నప్పుడు పలక నుంచి ఏదో పాత వాసన, బడి పెట్టెలో పెన్సిళ్ళు చెక్కిన వాసన లాంటిది లేచింది. నాలుగో దిమ్మ చేతిలోకి రాగానే, అప్పుడే అయిపోయిందా అనిపించింది. అలా అనిపించినందుకు ఆమె ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోవడానికి తీరిక లేదు.

ఆయన ఒక్కో దిమ్మలో కాలు కదలకుండా కూర్చునేంత గుంట చెక్కాడు. గంట తిరక్కుండా మంచం నిలబడింది. పిట్ట పరుపు వేసింది. అంతలో బయట బండి హారను మోగింది.

అమ్మ చిక్కిపోయింది. చక్రాల కుర్చీలో ఆవిడ కంటే ఆవిడ మీది శాలువాయే ఎక్కువ కనబడుతోంది. గుమ్మం దాటుతూనే ఊపిరి పీల్చి, "మీ ఇల్లు అడవిలా ఉందే!" అంది. "మందుల వాసన కంటే నయం."

"నమస్కారం అత్తయ్యగారూ," అన్నాడు టైంకీపరు. చొక్కా మార్చుకున్నాడు గానీ కనుబొమల మీద పొట్టు అలాగే ఉంది.

"చేశారా బాబూ నా మంచం?"

"చేశానండీ."

పిట్ట వీధివైపు తిరిగి పెదవి బిగబట్టింది.

నర్సు నడివయసు మనిషి. నవ్వదు, విసుక్కోదు. మందుల చీటీ పిట్ట చేతికిచ్చి, ఇవి వెంటనే కావాలి తెచ్చెయ్యమ్మా అని పంపేసింది. వంటగది దుప్పటిని ఓసారి ఎత్తి చూసి దించింది. స్నానాలగది గడప చూసింది. ప్రతిదానికీ కాగితం మీద ఏదో ఒకటి గీస్తోంది. ఆమె కలం కదిలినప్పుడల్లా అద్దాలమ్మ కాగితం వైపు తొంగి చూస్తోంది.

తరవాత టేపు తీసి మంచం ఎత్తు కొలిచింది.

"ఇరవై అంగుళాలు. నేను చెప్పిందదే. ఎవరు చేశారిది?"

"మా అల్లుడుగారు," అంది అమ్మ, కుర్చీలోంచి తల నిక్కించి.

నర్సు పరుపు మీద రెండు చేతులూ ఆనించి నొక్కింది. మంచం కొద్దిగా, చాలా కొద్దిగా, ఊగింది. ఇంకోసారి నొక్కింది. ఇంకోసారి ఊగింది.

"ఇది పనికిరాదండీ. లేచేటప్పుడు ఈ మాత్రం కదిలినా మామ్మగారు ముందుకి పడతారు. కింద ఏదైనా పెట్టి సరిచెయ్యండి. నేనుంటాను."

టైంకీపరు వంగి చూశాడు. "ఈ మూల దిమ్మ రవ్వంత ఎత్తుంది. మిగతా మూడింటి కింద తలా ఓ అట్టముక్క పెడదాం. సరిపోతుంది."

"అట్టముక్కలేంటి?" అంది అద్దాలమ్మ. "నాలుగు రోజులకి నలిగిపోతాయి. ఆ దిమ్మ ఓ పొర తీస్తే శాశ్వతంగా ఉంటుంది. నేను తెస్తాను, ఒక్క నిమిషం."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. మంచం మూల ఎత్తి, తన మోకాలు దాని కింద ఆనించి, దిమ్మ లాగి ఆమెకిచ్చాడు.

"తొందరగా రా," అన్నాడు. "బరువంతా ఒక్క బిగింపు మీద పడుతుంది. నేను వదల్లేను."

షెడ్డులో ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆమె దిమ్మని బల్ల అంచునున్న వైసులో బిగించి, చిత్రిక అందుకుంది. ఆయన ఎప్పుడూ చేసేటట్టు ఓసారి అడుగు నిమిరింది. ముందుకు తోసింది. చిత్రిక ఓసారి తట్టుకుని, వెంటనే జారింది. సన్నటి పొర ఒకటి చుట్ట చుట్టుకుంటూ పైకి లేచి, ఆమె మణికట్టు మీద పడింది. ఉల్లిపొర కంటే పల్చగా, వెలుగు కనబడేంత పల్చగా ఉంది.

ఒక్క పొరే కావాలి. కానీ దిమ్మ మీద చెయ్యి వేసి చూస్తే ఓ పక్క నునుపు, ఓ పక్క గరుకు. గరుకున్న పక్క చిత్రిక తోసింది. ఇప్పుడు రెండు పక్కలూ సమంగా లేవేమో అనిపించింది. ఆయన మూలమట్టం తీసి పెట్టి చూసింది. కింద నుంచి వెలుగు గీత సన్నగా కనబడింది. ఆ గీత పోవాలి.

నెల రోజులుగా ఆమె తలలో ఓ చీటీ తిరుగుతూనే ఉంది. అమ్మ మందులు, దుకాణం తాళాలు, పిట్ట పరీక్ష, తమ్ముడి ఫోను, మళ్ళీ అమ్మ మందులు. నిద్రలో కూడా ఆగని చీటీ అది. ఇప్పుడు చిత్రిక ముందుకు పోయినప్పుడల్లా అందులో ఒక్కో గీత చెరిగిపోతోంది. చేతులు, చెక్క, వెలుగు గీత. ఇంకేం లేవు. ఎంత హాయి! ఇంత హాయి ఇంటి వెనకే, వంటగది గోడకవతలే ఉందని రెండేళ్ళుగా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఎక్కడో "అమ్మడూ" అన్నట్టు వినబడింది.

గీత ఇంకా పోలేదు. కొసన మిగిలింది.

"అమ్మడూ!"

ఇంకొక్క తోపు. చిత్రిక వాలు కొంచెం మార్చింది.

"అమ్మడూ, ఓ అమ్మడూ!"

"ఒక్క నిమిషం!" అంది. అన్నట్టు ఆమెకు తెలియనైనా తెలియలేదు.

గీత పోయింది. దిమ్మ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఇంత మంచి పని తను చేసిందంటే నమ్మకం కలగలేదు. దాన్ని రెండు చేతులా పట్టుకుని గదిలోకి పరిగెత్తింది.

గదిలో టైంకీపరు మంచం మూల మోకాలి మీద మోస్తూ అలాగే ఉన్నాడు. నుదుటి మీద చెమట కారి కంట్లోకి పోతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ఆమె దిమ్మ తోసింది. ఆయన మెల్లగా దించాడు. ఆమె రెండు చేతులతో పరుపు నొక్కింది. ఒళ్ళంతా బరువేసి నొక్కింది. మంచం కొండలా నిలబడింది.

"చూశారా?" అంది. "ఇప్పుడు కదులుతుందేమో చూడండి!"

ఎవరూ చూడలేదు. అమ్మ నాలుకతో పెదాలు తడుపుకుంటోంది.

"ఏంటమ్మా?"

"మంచినీళ్ళడిగానే," అంది అమ్మ.

ఆమె గబగబా వంటగదిలోకి పోయి బిందె మూత తీసింది. గ్లాసు ముంచింది. చేతికంటుకున్న పొట్టు నీళ్ళలో తేలింది. పారబోసి, చెయ్యి కడుక్కుని, మళ్ళీ ముంచింది. ఇవ్వగానే అమ్మ గటగటా తాగేసింది. బండిలో వచ్చినప్పటి నుంచీ దాహంతో ఉందేమో, అడుగు చుక్కతో సహా తాగేసింది.

"నీళ్ళు నేనే ఇద్దును," అంది నర్సు. గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే ఇంకా భయమేసింది. "రేపు నేనుండను కదా. అందుకని మీ అమ్మాయినే పిలవండి అన్నాను. మంచానిదేముంది, అద్దెకైనా దొరుకుతుంది. పిలిస్తే పలికేవాళ్ళు ఉన్నారా అన్నది నా కాగితం మీద ఆఖరి ప్రశ్న. అక్కడ టైం రాయాలి."

కలం మూత తీసింది.

"రెండు నిమిషాలేనండీ."

అన్నది టైంకీపరు. చేతి గడియారం చూసుకోకుండానే అన్నాడు. అద్దాలమ్మ చివ్వున ఆయన వైపు తిరిగింది. ప్రమోషను పోతుందన్నా పది నిమిషాలకి తొమ్మిది రాయని మనిషి, ఆమె కళ్ళల్లోకి చూడకుండా, గోడ వంక చూస్తూ మళ్ళీ అన్నాడు.

"రెండు నిమిషాలు. నేను చూస్తూనే ఉన్నాను."

ఆయన అబద్ధమాడటం ఆమె వినడం అదే మొదటిసారి. ఎంతసేపైందో ఆమెకు అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. రెండేళ్ళుగా ఏ గుమ్మంలో నిలబడి ఆ షెడ్డు వైపు అరిచిందో, ఇవాళ ఆ గుమ్మానికి అవతల తనే ఉంది.

నర్సు తన గడియారం చూసుకుంది. ఆయన మాటకి అడ్డు చెప్పలేదు. అమ్మ కుర్చీ దగ్గరికి వెళ్ళి వంగింది.

"మామ్మగారూ, మీరు చెప్పండి. ఎంతసేపైంది?"

అమ్మ ముందు అల్లుడి వంక చూసింది. తరవాత కూతురి వంక చూసింది. కూతురి మణికట్టు మీద చుట్ట చుట్టుకున్న చెక్కపొర ఇంకా అంటుకునే ఉంది. అమ్మ చెయ్యి చాచి దాన్ని తీసి, శాలువా మీద పెట్టుకుని, వేలితో నిమిరింది.

"నాకు గడియారం తెలీదమ్మా," అంది. "మూడుసార్లు పిలిచాను."

బల్ల మీద ఫోను మోగింది. తమ్ముడు. నాలుగూ నలభై. ఆశ్రమం గది ఇంకో ఇరవై నిమిషాలే ఆగుతుంది.

అద్దాలమ్మ దాన్ని తియ్యలేదు. టైంకీపరు తియ్యలేదు. నర్సు కలం కాగితం మీద ఆగి ఉంది.

"ఇలా ఇవ్వు," అంది అమ్మ. "వాడితో నేనే మాట్లాడతాను."

ఆమె ఫోను అమ్మ చేతిలో పెట్టింది.